ఒక్క మిషనుకి సోలో మేలా, పూల్ మేలా? (ఎస్19, పాలకొల్లు దగ్గర)

చెరువుగట్టు_శీను
హైదరాబాద్‌లో మా బామ్మర్ది ఫ్రెండొకడు ఆఫీసు ఎత్తేస్తుంటే ఆంట్‌మైనర్ ఎస్19 అనే బిట్‌కాయిన్ తవ్వే (మైనింగ్) మిషను ఒకటి, 95 టెరాహాష్‌ది (సెకనుకి 95 లక్షల కోట్ల హాష్‌లు, అంటే అంచనాలు), 32 వేలకి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చాక గొడవ మొదలైంది. బామ్మర్దేమో సోలో, అంటే ఒంటరిగా తవ్వేలా పెట్టమంటాడు. బ్లాక్ (లావాదేవీల కట్ట) తగిలితే బహుమతి 3.125 బిట్‌కాయిన్లూ మనవేనంట, ఎవడికీ వాటా ఇవ్వక్కర్లేదంట. వీడియోల్లో చూస్తే అందరూ పూల్, అంటే చాలామంది కలిసి తవ్వి పంచుకోవడం అంటున్నారు. పూల్లో రోజూ చిల్లర రాలుద్దంట. రెండు వారాల నుంచి మిషను అట్టపెట్టెలోనే ఉంది, మా ఆవిడ దాని మీద పప్పు డబ్బాలు పెట్టేసింది. మాకు రొయ్యల చెరువుంది, గట్టు మీద షెడ్డు, త్రీఫేజు కరెంటు. అక్కడ పెడదామని ఆలోచన. తెలిసినోళ్లు చెప్పండి. ఎటకారాలు వద్దు.

కోనసీమ_కొబ్బరి
గోదారి జిల్లావాళ్లని పట్టుకుని ఎటకారాలు వద్దంటే ఎలాగండీ.

పాలకొల్లు_పిల్లోడు
పూల్. ఇంకో మాట లేదు.

యానాం_జీపీయూ
బామ్మర్ది మాట విని బాగుపడినోడు ఎవడున్నాడు సార్.

హాష్‌మామ_తణుకు
లెక్క వేసుకుంటే గొడవే ఉండదు తమ్ముడూ. ప్రపంచంలో బిట్‌కాయిన్ తవ్వే మిషన్లన్నిటి బలం గుండుగుత్తగా 100 కోట్ల టెరాహాష్ అనుకో. నీది 95. పది నిమిషాలకో బ్లాక్, రోజుకి 144, ఏడాదికి 52,560. దాన్ని 95తో గుణించి 100 కోట్లతో భాగించు. ఏడాదికి 0.005 బ్లాక్ వస్తుంది, అంటే 200 ఏళ్లకి ఒకటి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన 1852లో నువ్వు స్విచ్ వేసి ఉంటే 2052లో తగిలేది.

ఇప్పుడు పూల్ చూడు. రోజుకి పుట్టేవి 144 × 3.125, అంటే 450 కాయిన్లు. అందులో నీ పాలు 4,275 సతోషీలు (కాయిన్‌లో పది కోట్లో వంతు ఒక సతోషీ). కాయిన్ కోటి రూపాయలు అనుకుంటే లెక్క తేలిక, సతోషీ పది పైసలు. రోజుకి 427 రూపాయలు. పూల్ వాడి కమిషను 2 శాతం తీసెయ్యి. సగటున చూస్తే రెండూ ఒకటే. ఒకటి 200 ఏళ్లకోసారి మూడు కోట్ల చిల్లర, ఇంకోటి రోజూ నాలుగొందల చిల్లర.

చెరువుగట్టు_శీను
200 ఏళ్లా! మా బామ్మర్ది "ఓ రెండు మూడేళ్లు ఓపిక పట్టు బావా" అన్నాడండి.

పాలకొల్లు_పిల్లోడు
మామా, 200 ఏళ్లంటే అప్పటికి గ్యారంటీగా తగులుద్దా?

లెక్కల_మాస్టారు
కాదు. అందరూ తప్పులో కాలేసేది అక్కడే. సగటున 200 ఏళ్లకొకటి అంటే, 200 ఏళ్లు ఆడించినా ఒక్కటి కూడా రాకుండా పోయే అవకాశం 37 శాతం ఉంది. రేపు పొద్దున్న వచ్చే అవకాశమూ ఉంది, సుమారు 73 వేలలో 1. ముఖ్యమైన సంగతేంటంటే, ఈ మిషనుకి నిన్నటి పని గుర్తుండదు. బావి తవ్వుతుంటే లోతు పెరిగి నీళ్లు దగ్గరపడతాయి చూడండి, ఇక్కడ అలా కాదు. ప్రతి హాషూ కొత్తగా ఎగరేసిన బొమ్మా బొరుసే. "ఏడాదైంది, ఇంక తగలాల్సిందే" అని ఎవరన్నా అంటే ఆయనకి లెక్కలు చెప్పిన మాస్టారు నేను కాదని మనవి.

ఆత్రేయపురం_రేకు
మైనింగ్ అని పేరెట్టింది ఎవరో గానీ కొంప ముంచారు. తవ్వుతున్నామనే అనుకుంటాం మరి.

బామ్మర్ది_వర్షన్
శీను గారి బామ్మర్దిని నేను కాదు గానీ ఆయన తరఫున ఒక మాట. 2022 జనవరిలో 126 టెరాహాష్ ఉన్నవాడికి సోలో సీకేపూల్ అనే సోలోవాళ్ల సర్వరులో బ్లాక్ తగిలింది. అప్పట్లో 6.25 కాయిన్లు. మన శీను గారిది 95. పెద్ద తేడా ఏముంది?

హాష్‌మామ_తణుకు
తేడా ఏంటంటే, అప్పుడు మొత్తం నెట్‌వర్క్ ఇప్పటి దాంట్లో అయిదో వంతు. 2024 ఏప్రిల్లో హావింగ్ అయ్యాక బహుమతీ సగమైంది. పైగా తగిలినోడి పేరు పేపర్లో పడుద్ది, తగలనోళ్ల పేర్లు ఎవడేస్తాడు? సంక్రాంతి బరి దగ్గర గెలిచినోడి కేకలే వినపడతాయి. ఓడినోడు కోడిని సంచిలో పెట్టుకుని చప్పుడు చెయ్యకుండా ఎల్లిపోతాడు.

కోనసీమ_కొబ్బరి
కోడి కూడా మిగలదు మామా. గెలిచినోడు కోస పట్టుకుపోతాడు.

కౌలురైతు_కొడుకు
పూల్‌లో కూడా రెండు మూడు రకాలున్నాయి, శీను గారు ఏదో ఒకటి నొక్కేసి తర్వాత ఏడవకుండా మనూరి భాషలో చెప్తాను. పీపీఎస్ అంటే రోజుకూలి. ఆసామికి పండినా ఎండినా నీ కూలి నీకొచ్చేస్తుంది, నష్టం ఆసామిది. అందుకే కమిషను ఎక్కువ లాగుతాడు. ఎఫ్‌పీపీఎస్ అంటే కూలితో పాటు లావాదేవీల ఫీజుల్లో కూడా సగటు కట్టి ఇస్తాడు, కూలి మీద టీ, బజ్జీ అనుకోండి. పీపీఎల్‌ఎన్‌ఎస్ అంటే పాలు. బ్లాక్ దొరికితేనే పంపకం, అదీ ఆఖరి కొన్ని షేర్లలో నీవెన్ని ఉన్నాయో దాన్ని బట్టి. వారం పాటు పూల్‌కి ఏమీ దొరక్కపోతే నీకూ ఏమీ లేదు. కమిషను తక్కువ. మధ్యలో మిషను ఆపేస్తే పంపకం రోజుకి నీ షేర్లు పాతబడి జారిపోతాయి. మన కరెంటు సంగతి తెలుసుగా, ఒక్క మిషను ఉన్నోడికి రోజుకూలే మేలు.

పాలకొల్లు_పిల్లోడు
షేరు అంటే ఏంటన్నా? స్టాక్ మార్కెట్ షేరా?

కౌలురైతు_కొడుకు
కాదు తమ్ముడూ. అసలు బ్లాక్ దొరకడానికి కావాల్సినంత కష్టమైన జవాబు కాకుండా, దాని కన్నా చాలా తేలికైన జవాబు దొరికినప్పుడల్లా మిషను పూల్‌కి చూపిస్తుంది. "నేను పని చేస్తున్నానండి" అని హాజరు వేయించుకోవడం అన్నమాట. ఆ హాజరు లెక్కే షేరు. కోట్లాది హాజరుల్లో ఎప్పుడో ఒకటి నిజం బ్లాక్ అవుతుంది.

యానాం_జీపీయూ
నా అనుభవం. 2021లో ఆరు గ్రాఫిక్స్ కార్డులతో ఈథర్ అనే ఇంకో కాయిన్ తవ్వాను, పూల్లోనే. బాగానే వచ్చింది. 2022 సెప్టెంబర్ 15న దాని పద్ధతి మార్చేశారు, మెర్జ్ అంటారు, ఆ మధ్యాహ్నం నుంచి మైనింగే లేదు. ఆరు కార్డులూ ఒక్కరోజులో ఇనుప సామాను. అంత ముందు నుంచి చెప్తున్నా మనోళ్లెవరూ నమ్మలేదు, నాతో సహా. ఇప్పుడు ఒక కార్డు మావాడి గేములకి పనికొస్తోంది, మిగతా అయిదు బీరువాలో మా ఆవిడ పట్టుచీరల కింద ఉన్నాయి.

ఒకటి ఒప్పుకోవాలి. సోలో అన్ని చోట్లా పిచ్చి కాదు. చిన్న కాయిన్‌లో మన బలం మొత్తంలో నూటికో వెయ్యికో వంతు ఉంటే సోలోలోనే వారానికో బ్లాక్ తగులుద్ది, కమిషను మిగులుద్ది. కాకపోతే ఆ కాయిన్ కొనే నాథుడు ఉండడు. పైగా ఎస్19 చేసేది బిట్‌కాయిన్ వాడే ఎస్‌హెచ్‌ఏ-256 అనే అల్గారిథం ఒక్కటే, వేరే రకం అల్గారిథం మీద పని చెయ్యదు.

నోడ్_నాగేశ్వరుడు
ఎవరూ చెప్పని కోణం ఒకటి. పూల్‌లో మీరు చేసేది మైనింగ్ కాదు, మీ హాష్‌రేటు (మిషను బలం) అద్దెకివ్వడం. బ్లాక్‌లో ఏ లావాదేవీలు పెట్టాలో పూల్ వాడు నిర్ణయిస్తాడు. 2010 చివర్లో చెక్ దేశంలో స్లష్ పూల్ మొదలైనప్పుడు చిన్నోళ్లకి మేలే జరిగింది, కాదనను. కానీ 2014లో జీహాష్ డాట్ ఐఓ అనే ఒక్క పూల్ చేతికి సగానికి పైగా బలం చేరేసరికి అందరికీ గుండెల్లో రాయి పడింది. సొంత నోడ్ (లావాదేవీల చిట్టా అంతా సరిచూసే కంప్యూటరు) పెట్టుకుని సోలో చేసేవాడు ఒక్కడున్నా నెట్‌వర్క్‌కి ఒక కాపలాదారు ఎక్కువ ఉన్నట్టే.

హాష్‌మామ_తణుకు
కాపలాకి జీతం ఎవరిస్తారు నాగేశ్వరా?

నోడ్_నాగేశ్వరుడు
అన్నీ జీతం కోసమే చేస్తారా మామా. నేను 600 జీబీ దాటిన బ్లాక్‌చైన్, అదే ఆ చిట్టా మొత్తం దించుకున్నాను. మా ఊరి ఇంటర్నెట్‌తో పదకొండు రోజులు పట్టింది. అందులో రెండు రోజులు కేబులు కోతి కొరికేసింది.

అమ్మాజీ_ఆడిటర్
శీను గారూ, పన్ను మాట కూడా వినండి. సోలో అయినా పూల్ అయినా అమ్మినప్పుడు లాభం మీద 30 శాతం, పైన సెస్సు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇదే వరస. అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ అదే ఏడాది జూలై నుంచి. అసలు దెబ్బ వేరే ఉంది. మైనింగ్ సామాన్ల ఖర్చుని కొనుగోలు ఖరీదు కింద ఒప్పుకునేది లేదని అప్పుడే పార్లమెంటులో చెప్పేశారు. అంటే కరెంటుకి 700 పెట్టి 400 సంపాదించినా, ఆ 400 మీద పన్ను కట్టాలి. నష్టాన్ని రొయ్యల ఆదాయంలో సర్దుకోవడమూ కుదరదు.

చెరువుగట్టు_శీను
అమ్మాజీ గారూ, నష్టానికి పన్నేంటండీ బాబూ.

అమ్మాజీ_ఆడిటర్
నేను రాయలేదండి చట్టం.

లైనులో_లేని_లైన్‌మేన్
ఇంతసేపూ అసలు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎస్19 తాగేది 3,250 వాట్లు. రోజుకి 78 యూనిట్లు, నెలకి 2,340. ఇంటి మీటరు మీద 400 యూనిట్లు దాటితే యూనిట్ 9.75. రోజుకి 760 రూపాయలు. మామ లెక్క ప్రకారం రాబడి 427. సోలో పెట్టినా 760 పోతుంది, పూల్లో పెట్టినా 760 పోతుంది. మునిగిపోయే పడవలో ఏ పక్కన కూర్చోవాలని అడుగుతున్నారు మీరు.

చెరువుగట్టు_శీను
అందుకేనండి చెరువు మీద పెడదామంది. ఆక్వా కనెక్షను, యూనిట్ రూపాయిన్నర. 78 యూనిట్లకి 117 రూపాయలు. రోజుకి 300 మిగులుద్ది కదా?

లైనులో_లేని_లైన్‌మేన్
ఇదిగో, దీని కోసమే ఎదురుచూస్తున్నాను. ఆ రూపాయిన్నర రొయ్యకి ఇచ్చింది, కాయిన్‌కి కాదు. ఒక పనికి ఇచ్చిన కరెంటు ఇంకో పనికి వాడితే 2003 విద్యుత్ చట్టంలో 126వ సెక్షను ఉంది, అసలు టారిఫ్‌కి రెట్టింపు లెక్కన వెనక నుంచి వసూలు చేస్తారు. ఏరేటర్లు (చెరువులోకి గాలి కొట్టే మిషన్లు) రాత్రి పూట ఎక్కువ తిరుగుతాయి, పంట పట్టేశాక ఆగిపోతాయి. మీ మీటరేమో చెరువు ఎండగట్టిన నెలలో కూడా 24 గంటలూ ఒకే లోడు చూపిస్తుంది. చిన్నపిల్లాడు చూసినా కనిపెట్టేస్తాడు.

కోనసీమ_కొబ్బరి
చెరువులో నీళ్లు లేవు, రొయ్య లేదు, మీటరు మాత్రం పరిగెడుతోంది. ఆయ్.

భీమవరం_ఏరేటర్
నేను చేసి చూశాను, కరెంటు తప్పు గురించి కాదు (ఇంటి మీటరే వాడాను), ఉప్పుగాలి గురించి. రెండేళ్ల క్రితం పాత ఎస్9 ఒకటి, 13.5 టెరాహాష్‌ది, ఆకివీడు దగ్గర చెరువు పక్క మేడ మీద గదిలో పెట్టాను. మూడో నెలలో హాష్‌బోర్డు (చిప్పులుండే పలక) ఒకటి కనపడ్డం మానేసింది. విప్పి చూస్తే కనెక్టరు పిన్నుల మీద ఆకుపచ్చ పొడి, రాగి చెంబుకి చిలుం పట్టినట్టు. ఫ్యాను రెక్కల మీద సన్నటి దోమలు తడిసిన పిండిలా అంటుకుపోయాయి. టూత్‌బ్రష్షు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పెట్టి తుడిస్తే ఓ పది రోజులు నడిచింది. తర్వాత 16 ఆంపియర్ల ప్లగ్గు కరిగి గోడకి అంటుకుపోయింది. సాయంత్రం వోల్టేజి పడిపోయేసరికి మిషను అదే వాటేజి కోసం ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, ఆ ప్లగ్గు పాపం ఎంతసేపని ఓర్చుకుంటుంది.

ఇక చప్పుడంటారా, మా అమ్మ ఫోన్లో మాట్లాడ్డానికి కిందకి దిగి వీధిలోకి వెళ్లేది.

పాలకొల్లు_పిల్లోడు
అక్కా, మీరు సోలోనా పూలా?

భీమవరం_ఏరేటర్
పూల్. మూడు నెలల సంపాదన పూల్ వాడి కనీస చెల్లింపు మొత్తాన్ని దాటలేదు. ఇప్పటికీ వాడి దగ్గరే ఉంది. చేరే ముందు ఆ కనీస మొత్తం ఎంతో చూసుకోండి, నేను చూడలేదు.

ఆత్రేయపురం_రేకు
పూల్లో చేరడానికి ముందు డబ్బు కట్టాలా అని ఎవరూ అడగలేదు. నేనడుగుతాను, ఎందుకంటే నేను కట్టాను. ఒక వాట్సాప్ గ్రూపులో "మా మైనింగ్ పూల్‌లో 60 వేలు పెడితే రోజుకి 900" అన్నారు. యాప్‌లో అంకెలు రోజూ పెరిగేవి, చూడ్డానికి భలే ముచ్చటగా ఉండేది. తీసుకోబోతే "పన్ను ముందు కట్టండి" అన్నారు. తర్వాత గ్రూపే లేదు. చీటీ పాటలో ముందు పాడి ఎగ్గొట్టినోడి ఇంటికైనా వెళ్లి అరుగు మీద కూర్చోవచ్చు. వీడికి అరుగేదండీ?

కౌలురైతు_కొడుకు
అయ్యో. నిజం పూల్ ఎవడూ ఒక్క రూపాయి అడగడండి. మిషన్లో పూల్ అడ్రసు, వర్కరు పేరు, మీ వాలెట్ అడ్రసు కొట్టడం, అంతే. కమిషను వచ్చిన దాంట్లోంచే కోసుకుంటాడు. మిషను లేకుండా, కరెంటు బిల్లు రాకుండా "మైనింగ్ ఆదాయం" అన్నాడంటే పరిగెట్టండి.

బామ్మర్ది_వర్షన్
సోలో అంటే కూడా అందరూ సొంత నోడ్ పెట్టుకోవాలని లేదు. సీకేపూల్ లాంటి సోలో సర్వరుకి తగిలించొచ్చు. పేరులో పూల్ ఉన్నా పంపకం ఉండదు. తగిలినోడికే 98 శాతం, వాడికి 2 శాతం. నేను బిట్‌యాక్స్ అనే బుల్లి మిషను దానికే పెట్టాను. 1.2 టెరాహాష్, 17 వాట్లు, ఎల్‌ఈడీ బల్బంత. రోజుకి అర యూనిట్ కూడా తాగదు. ఆరు నెలల్లో నా బెస్ట్ డిఫికల్టీ (దొరికిన జవాబుల్లో అన్నిటికన్నా కష్టమైనది) 4.2 జీ, అంటే 420 కోట్లు.

లెక్కల_మాస్టారు
బ్లాక్‌కి 120 టీ, అంటే 120 లక్షల కోట్లు కావాలనుకుంటే 4.2 జీ అంటే ఇంకా 28 వేల రెట్లు దూరం. మామ లెక్కన మీ వంతు సుమారు 16 వేల ఏళ్లు.

బామ్మర్ది_వర్షన్
తెలుసు మాస్టారూ. నెలకి నూటఇరవై రూపాయల కరెంటుతో నిద్రపోయే ముందు ఆ తెర వంక ఓసారి చూసుకుంటాను. పులస దొరుకుద్దని గోదాట్లో వలేసినోళ్లందరికీ దొరుకుద్దా ఏంటి?

హాష్‌మామ_తణుకు
దీనికి మాత్రం నేను అడ్డు చెప్పను. వక్క పలుకంత ఖర్చుతో ఆడే సోలో సరదా. 760 రూపాయలతో ఆడే సోలో జబ్బు.

చెరువుగట్టు_శీను
మామా, మాస్టారూ, అందరూ తిట్టారు, విన్నాను. చెరువు ఆలోచన మానేశాను. ఇంట్లోనే వెనక వరండాలో పెట్టి పూల్‌కి తగిలించాను, ఎఫ్‌పీపీఎస్, వారం ఆడించి చెప్తాను. మా బామ్మర్ది అలిగి భోజనానికి రాలేదు.

కోనసీమ_కొబ్బరి
ఒక మనిషి భోజనం మిగిలింది, దాన్ని ఆదాయంలో వేసుకోండి.

చెరువుగట్టు_శీను
ఆరు రోజులకే ఆపేశాను. వచ్చింది 23,900 సతోషీలు, మామ కోటి లెక్కన 2,390 రూపాయలు. మధ్యలో కరెంటు పోయిన గంటలు ఏడెనిమిది ఉంటాయి. తిరిగింది 445 యూనిట్లు. 9.75 చొప్పున 4,300 పైచిలుకు, స్లాబులన్నీ సరిగ్గా వేస్తే కాస్త తగ్గుద్దేమో. చప్పుడుకి పక్కింటి పెద్దాయన వచ్చి "ఏమోయ్, ఇంట్లో రైస్‌మిల్లు పెట్టావా" అన్నాడు. వరండాలో ఆరేసిన బట్టలు మాత్రం ఇరవై నిమిషాల్లో ఆరిపోయాయి, మా ఆవిడకి నచ్చింది అదొక్కటే.

లెక్కల_మాస్టారు
లెక్క దగ్గరగానే తేలింది. రోజుకి 3,983. కరెంటు పోయిన గంటలు, కమిషను తీస్తే అంతే ఉండాలి.

పాలకొల్లు_పిల్లోడు
మరి సోలో పెట్టి ఉంటే?

లెక్కల_మాస్టారు
445 యూనిట్లు, సున్నా సతోషీలు. లేదా మూడు కోట్లు. 12 వేల మందిలో ఒకరికి.

బామ్మర్ది_వర్షన్
ఆ ఒక్కడు శీను గారేమో, ఎవరికి తెలుసు.

యానాం_జీపీయూ
నువ్వు నిజంగా ఆయన బామ్మర్దివే కదూ?

బామ్మర్ది_వర్షన్
...

చెరువుగట్టు_శీను
ఒరేయ్! రాత్రికి భోజనానికి రా, అక్క పీతల ఇగురు చేస్తోంది. ఆ బుల్లి మిషనేదో కూడా పట్టుకురా, చూద్దాం.

కోనసీమ_కొబ్బరి
శీను గారూ, ఎటకారం కాదు, నిజంగానే అడుగుతున్నాను. 3,250 వాట్ల వేడిగాలి అన్నారు కదా. ముసురు పట్టినప్పుడు మాకు కొబ్బరి చిప్పలు ఆరక బూజు పడుతున్నాయి, ఎలాగూ హీటర్లే పెడుతున్నాం. ఆ మిషను పాతిక వేలకి ఇస్తారా? కరెంటు ఎలాగూ తగలేసేదే, చిల్లర వస్తే అదే చాలు.

చెరువుగట్టు_శీను
32కి కొన్నానండి.

కోనసీమ_కొబ్బరి
ఆరు రోజులు వాడారు కదా, సెకండ్‌హ్యాండ్ మీద సెకండ్‌హ్యాండ్. 26. రావులపాలెం దాకా మీరు తెండి, అక్కణ్ణించి నేను పట్టుకెళ్తాను.

చెరువుగట్టు_శీను
28, పది కొబ్బరికాయలు. ప్లగ్గు మాత్రం కొత్తది మీరే వేయించుకోవాలి.